‘అనుమతి లేదు’ అన్న తర్వాత

మెసేజి వచ్చేసరికి ఆమె నోటినిండా టూత్‌పేస్టు నురగ. సబ్బుపెట్టె పక్కన ఫోను బుర్రుమంటూ గిర్రున తిరిగింది. వంగి చూసింది. మళ్ళీ చూసింది. నురగ మింగేసింది.

‘మీరు రాసిన పేజీ ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా ఆమోదమైంది. అన్ని శాఖలకూ పంపించాం. ఇంత తేలిగ్గా అర్థమయ్యే పేజీ మన ల్యాబులో ఇదే మొదటిది. మీ ఉద్యోగం ఖాయం చేస్తూ గురువారం ఆర్డరు సంతకమవుతుంది. అభినందనలు.’ కింద మేనేజరు పేరు.

“ఏమండీ!”

వంటగదిలోంచి అతను గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “ఏది? ఎక్కడ? బల్లేనా?”

“బల్లి కాదు, ఖాయం!”

“ఏం ఖాయం?”

“నేను!”

పెళ్ళయి ముప్పైమూడు రోజులు. రోజులు లెక్కపెడుతున్నట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు, అతనికి తప్ప. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఆనుకుని ఉండటం చూస్తే ఇప్పటికీ ఆమెకి నవ్వొస్తుంది. అతనిది కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం. ఇంట్లో కూడా ఏ సంగతైనా అద్దాలు మార్చి మార్చి అడిగినట్టే అడుగుతాడు. “టోస్టు ఇలా బాగుందా, ఇలా బాగుందా? ఇందాకటిదా, ఇప్పటిదా?” రెండూ మాడినవే. ఆమె రెండూ తినేసింది.

“ఇంతకీ ఏం రాశావు ఆ పేజీలో? నాకు అర్థమయ్యేలా చెప్పు,” అన్నాడు.

“మా ల్యాబులో పేషెంట్లకి రిపోర్టులు పంపే పని ఇప్పుడు ఏజెంటు చేస్తోంది కదా. కంప్యూటర్లో ఉండే పనిమనిషి అనుకోండి. చెప్పిన పని చేసుకుపోతుంది. కానీ రిపోర్టుల ఖాతా తెరవాలంటే దానికి సొంత పాస్‌వర్డు లేదు. మా రికార్డులక్క ఉంది కదా, ఆవిడది వాడుకోవాలి. పాస్‌వర్డులన్నీ ఒకచోట దాచి ఉంటాయి. అక్క అనుమతిస్తే ఏజెంటు తీసుకుంటుంది, లేకపోతే లేదు.”

“మరి నీ పేజీ?”

“అనుమతి ఉందా, లేదా, గడువు దాటిందా, ఇంకా అడగాలా అని చెప్పటానికి మావాళ్ళు ఒక చిన్న సాధనం చేశారు. పాస్‌వర్డు మాత్రం చచ్చినా చూపించదు. దాన్ని ఎలా వాడాలో, అది ఏ మాట చెబితే ఏమనుకోవాలో రాశాను.”

“అంటే బీరువా తెరవకుండానే తాళంచెవి ఎవరి దగ్గరుందో చెబుతుందన్నమాట.”

“అయ్యో, ఈ ముక్క నిన్ననే చెప్పకపోయారా! పేజీలో పెట్టేదాన్ని.” ఆమె ఫోను తీసి తనకి బాగా నచ్చిన వాక్యం పైకి చదివింది. “‘అనుమతి లేదు’ అని వచ్చిందంటే ఆ ఖాతాలో ఏజెంటు లేనట్టే. అప్పుడు జరిగిన పని మనిషి చేసినదే.”

“బాగుంది. రెండే ముక్కలు.”

“ఇంజనీరు ఇచ్చిన నోట్ చూడాలి మీరు! నాలుగు లైన్లు, ముళ్ళకంప. దాన్ని చదునుచేసి ఇలా తెచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.”

చేతిసంచీ, గొడుగు, టిఫిన్ డబ్బా అన్నీ ఒక్క చేత్తో పట్టుకుని, తలుపు లాగి తాళంవేసి ఆమె మెట్లు దిగింది. బస్టాపు చేరేసరికి అత్తగారి ఫోను.

“అమ్మాయ్, వాడు ఫోనెత్తడం లేదేంటి? ఇంట్లోనే ఉన్నాడా?”

“లేరత్తయ్యా. తాళంవేసుకుని వచ్చాను కదా, ఇంట్లో ఎవరూ లేరు.”

“సరేలే, షాపుకెళ్ళి ఉంటాడు.”

అది పెట్టేసిన రెండు నిమిషాలకి ఇంకో ఫోను. “జైలరు గారూ,” అంది అతని గొంతు, తడితడిగా. “స్నానం చేసి బయటికొచ్చేసరికి ఖైదీనని తెలిసింది. శిక్ష ఎన్నేళ్ళో కనుక్కుందామని.”

నడిరోడ్డు మీద ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఒంటరిగా అద్దెగదిలో ఉండి, బయటికొస్తే తాళం వెయ్యటం చేతికి అలవాటైపోయింది. లోపల ఒక మనిషి ఉంటాడన్న సంగతి చేతికింకా తెలియలేదు. వెనక్కి పరుగెత్తి తలుపు తీస్తే, అతను తువ్వాలుతో నిలబడి నమస్కారం పెట్టాడు. ఇద్దరూ గుమ్మంలోనే కూలబడి నవ్వారు. ఆమెకి బస్సు తప్పిపోయింది. ఐనా ఆ మంగళవారమంత మంచి మంగళవారం ఇంకొకటి ఉండబోదనిపించింది.

*

ఈ సంగతి మొదట చెప్పాల్సింది రికార్డులక్కకి. ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా పేషెంట్ల రికార్డులు చూసేది ఆవిడే. అక్క అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎవరూ వాడరు. కొత్త పెళ్ళికూతురు ఏ పేజీ రాసినా ముందు అక్కకే చూపించేది. అక్క పెన్సిల్ చెక్కుకుని, అర్థం కాని ప్రతి మాట కిందా గీత గీసేది. “ఇది నాకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే,” అనేది. తప్పనిపించినచోట మాత్రం ఏమీ అనేది కాదు, పెన్సిల్ కొనతో అక్కడ రెండుసార్లు తట్టేది. ఈ ఒక్క పేజీకే తొందరపెట్టారు. అక్కకి చూపించటానికి టైము లేకపోయింది.

అక్క కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ వీపుకి స్వెట్టరు వేసే ఉంది. కప్పులో పెన్సిళ్ళు కొనలు పైకి పెట్టుకుని అలాగే ఉన్నాయి.

“అక్క సెలవా?” అని ఇంజనీరునడిగింది. ఏసీ చల్లదనానికి ఎండాకాలంలోనూ ఉన్నిటోపీ పెట్టుకుంటాడని అతన్ని అందరూ టోపీ అంటారు. సాధనం తయారుచేసింది అతనే.

“నీకు తెలీదా? బోర్డు చూడు.”

బోర్డు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఆమెని చూసి ఇద్దరు “కంగ్రాట్స్ పెళ్ళికూతురా!” అని పక్కకి జరిగారు. నవ్వుతూనే ఆమె చదవటం మొదలుపెట్టింది.

శుక్రవారం పదకొండూ నలభైకి రెండువందల పన్నెండుమంది పేషెంట్లకి ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్ళింది. ఏ జబ్బూ లేని ఒకతను తనకి పెద్ద జబ్బుందని చదువుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. జబ్బున్న మనిషి ఏమీ లేదని చదువుకుని మందు మానేసింది. రిపోర్టులు వెళ్ళింది రికార్డుల విభాగం ఉద్యోగిని ఖాతా నుంచి. ఆ సమయానికి ఏజెంటు స్థితి ‘అనుమతి లేదు’ అని సాధనం రికార్డు చూపుతోంది. విచారణ ముగిసేవరకూ సదరు ఉద్యోగిని విధులకు రానవసరం లేదు.

ఆ కింద, కొటేషన్ గుర్తుల మధ్య, వాలు అక్షరాల్లో ఉంది ఆఖరి లైను. ‘అనుమతి లేదు’ అని వచ్చిందంటే ఆ ఖాతాలో ఏజెంటు లేనట్టే. అప్పుడు జరిగిన పని మనిషి చేసినదే.

ఆమె నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయాలన్న సంగతి కూడా తోచలేదు. తన వాక్యం. ఆఖరి చుక్కతో సహా తనదే. పొద్దున టోస్టు తింటూ చదివి వినిపించినది.

“నీ పేజీ లేకపోతే ఇంకా కొట్టుకుంటూ ఉండేవాళ్ళం,” అన్నారు వెనకనుంచి మేనేజరు గారు. ఆయన ముఖంలో నిజమైన సంతోషం ఉంది. “ఏజెంటా, మనిషా అని శనివారమంతా తేలలేదు. నిన్న నీ పేజీ వచ్చింది, రెండు ముక్కల్లో తేల్చేసింది. అందుకేనమ్మా నీ ఆర్డరు తొందరగా కదిలింది.”

ఆమె మళ్ళీ ఆ లైను కేసి తిరిగింది. థాంక్సండీ అన్నానా, అనలేదా అని సాయంత్రం దాకా గుర్తు తెచ్చుకుంటూనే ఉంది.

*

ఆఫీసు నుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. అక్క వాకిట్లో స్టూలు మీద కూర్చుని కాలర్లు ఇస్త్రీ చేస్తోంది. ఎన్ని ఉన్నాయో! ఇంట్లో ఉన్న బట్టలన్నీ తెచ్చి పోసుకున్నట్టుంది.

“రావే, కొత్త పెళ్ళికూతురా. ఉద్యోగం ఖాయమయిందటగా. ఇలా కూర్చో, ఆ దుప్పటి నెట్టెయ్.”

“అక్కా, అసలేం జరిగింది?”

“చెప్పేదేముంది.” అక్క ఇస్త్రీపెట్టెని నిలబెట్టింది. “శుక్రవారం పొద్దున ఏజెంటు పని చూస్తున్నాను. ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లొస్తే అది తడబడుతోందనిపించింది. ఎందుకొచ్చిన గొడవని పదకొండూ పదికి నేనే అనుమతి తీసేశాను. మీ సాధనంలో చూశాను కూడా, ‘అనుమతి లేదు’ అని వచ్చింది. నిశ్చింతగా వెళ్ళి టీ తాగొచ్చాను. పదకొండున్నరకి మళ్ళీ సీట్లో కూర్చున్నాను. నలభైకి అవి వెళ్ళాయి. నా ఖాతాలోంచి, నా పేరుతో. కుర్చీలో ఉన్నది నేనే. పక్కన ఎవరూ లేరు.”

“మీరు పంపలేదుగా!”

అక్క ఇంకో చొక్కా తీసుకుంది. కాలరు మడత వేలితో సరిచేసింది.

“పంపలేదనే అనుకున్నాను. నిన్న నీ పేజీ చదివాను. బాగా రాశావు, ఒక్క మాట కింద కూడా గీత గీయక్కర్లేదు. చదివాక నాకే అనుమానమొచ్చింది, ఏ ధ్యాసలోనో నేనే నొక్కానేమోనని. వయసైపోతోంది కదా. నాకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనని అంటూంటానుగా. అర్థమైంది.”

ఆమె చేతిసంచీలో అక్క కోసం కొన్న నారింజపళ్ళు ఉన్నాయి. పొద్దున సంతోషంలో కొన్నవి. అవి బయటికి తియ్యాలో వద్దో తెలియక సంచీని గుండెకి పట్టుకుని కూర్చుంది. తను జడిసింది ఏజెంటుకి కాదు, మేనేజరుకి కాదు. పంతొమ్మిదేళ్ళు ఒక్క కాగితం తారుమారు చెయ్యని మనిషి, తన చేతుల్నే అనుమానంగా చూసుకుంటోంది. అదీ రెండు ముక్కలు చదివి.

*

బుధవారం పొద్దున అతను ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉన్నాడు. “ఇలా దిగులుగా బాగుందా, అలా దిగులుగా బాగుందా?” అని రెండు రకాలుగా మొహం పెట్టాడు. ఆమె నవ్వటానికి ప్రయత్నించింది, కుదరలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరికి లాగి, కొక్కెం పెట్టి తాళం చేతిలోకి తీసుకుంది.

లోపల స్నానాలగదిలోంచి గట్టిగా కేక వినిపించింది. “ఖైదీ లోపలే ఉన్నాడు! అధికారులు గమనించగలరు!”

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

నిన్న అత్తగారితో తనేమంది? తాళం వేశాను, ఇంట్లో ఎవరూ లేరు. తాళం సంగతి నిజమే. మనిషి సంగతి? తాళం వేసేటప్పటికే అతను లోపలున్నాడు. తాళం చూసి అత్తయ్య నమ్మింది. తనూ నమ్మింది. అతనేమో లోపల సబ్బు రాసుకుంటూ పాడుకుంటున్నాడు.

“ఏమండీ! తాళం వెయ్యటంలేదు! వెళ్తున్నా!” అని అరిచి, తాళాన్ని చేతిసంచీలో పడేసుకుని పరుగెత్తింది. బస్సులో కూర్చున్నాక గాని తెలియలేదు, కొక్కెం తీయటం మర్చిపోయిందని. అతనికి ఫోను చేసి, కిటికీలోంచి పక్కింటావిడని పిలవమంది. “మళ్ళీ జైలా!” అన్నాడు అతను. “శిక్ష పెరిగిందా?”

ఆఫీసులో కొత్తవాళ్ళు నేర్చుకోవటానికి ఒక ఉత్తుత్తి ఖాతా ఉంది. అందులో పేషెంట్లు ఉండరు, ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు ఉంటాయి. రిపోర్టుల బదులు ఖాళీ కాగితాలు. ఆమె స్వెట్టరున్న కుర్చీ పక్కన కూర్చుని అది తెరిచింది. ఏజెంటుకి అనుమతిచ్చింది. నిమిషానికొక కాగితం పంపమని పని చెప్పింది. ఒకటో నంబరుకి వెళ్ళింది. రెండు. మూడు. అప్పుడు అనుమతి తీసేసింది. సాధనాన్ని అడిగింది.

‘అనుమతి లేదు.’

రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేసి, ఒళ్ళో పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది.

నాలుగో నంబరుకి కాగితం వెళ్ళింది.

ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగిపోయింది, తెరమీంచి పాము దూకినట్టు. మళ్ళీ సాధనాన్ని అడిగింది. ‘అనుమతి లేదు.’ ఐదో నంబరు వెళ్ళింది. ‘అనుమతి లేదు.’ ఆరు. ఆ ఖాతాలో ప్రతి కాగితం పక్కనా పంపినవారు అన్నచోట ఉన్నది ఏజెంటు పేరు కాదు, ఖాతా ఎవరిదో వాళ్ళ పేరు. ఈ ఉత్తుత్తి ఖాతాలో అది తన పేరు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న తన పేరుతో, తన కళ్ళముందే, తను చెయ్యని పని ఒక్కొక్కటే జరిగిపోతోంది.

“టోపీ! ఇలా రా! ఒక్కసారి రా!”

టోపీ టీకప్పుతో వచ్చి చూశాడు. “ఆఁ, అవును. ఒకసారి లోపలికెళ్ళాక బయటికి పంపితే తప్ప పోదు. లేకపోతే ఎనిమిది గంటలపాటు లోపలే ఉంటుంది. సాధనం చెప్పేది కొత్తగా తలుపు తీయటానికి అనుమతి ఉందా లేదా అని. అంతే.”

“ఇది... ఇది నీకు ముందే తెలుసా?”

“నాకేంటి, మా గదిలో అందరికీ తెలుసు. నీకిచ్చిన నోట్‌లో రాశానుగా. అడిగిన క్షణంలో కొత్త ప్రవేశానికి మాత్రమే, ఇప్పటికే తెరిచి ఉన్నవాటికి వర్తించదు అని.”

రాశాడు. నాలుగు లైన్ల ముళ్ళకంపలో మూడో లైను. ఆమె స్వయంగా కొట్టేసినది, చదవటానికి అడ్డంగా ఉందని.

“మరి బోర్డు మీద నోటీసు చూసి కూడా నోరు మెదపలేదేం నువ్వు?”

టోపీ కప్పు దించాడు. “నోటీసు పైపైన చూశాను. కింద నీ లైనుందని... నిజంగా చూడలేదు.” అతని మొహం తెల్లబోయింది. “అంటే అక్క అనుమతి తీసేసింది కాబట్టే అక్క మీదికొచ్చిందా? తియ్యకుండా ఊరుకుని ఉంటే తప్పు ఏజెంటుదని తేలేదా?”

తెర మీద పదకొండో నంబరు వెళ్ళింది.

*

మేనేజరు గారు అంతా విన్నారు. చెడ్డవాడు కాదు ఆయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

“నోటీసు పైకి వెళ్ళిపోయిందమ్మా. పేషెంట్లకి క్షమాపణ ఉత్తరాలు వెళ్ళాయి, ఒక ఉద్యోగిని పొరపాటని రాసి. ఇప్పుడు పేజీయే తప్పంటే ఎలా? ఒక నెల ఆగు. అప్పుడు నెమ్మదిగా ఆ లైను మారుద్దాం. రేపే కదా నీ ఆర్డరు సంతకం. తప్పు పేజీ రాసినమ్మాయి ఆర్డరు ఎవరు సంతకం చేస్తారు?”

“నెలరోజులు అక్క ఏం చేస్తుందండీ?”

“ఇంట్లో ఉంటుంది. విశ్రాంతి అనుకోవాలి.”

కాలర్లు, అనుకుంది ఆమె. ఇంక ఇస్త్రీ చెయ్యటానికి ఏ కాలరూ మిగలదు.

సీటుకొచ్చి పేజీ తెరిచింది. అందంగా ఉంది. అక్షరాలు విడివిడిగా, లైన్ల మధ్య గాలి ఆడుతూ. పేజీలన్నిటికీ కింద ఒక చిన్న ఎర్ర మీట ఉంటుంది. ఉద్యోగంలో చేరిన వారంలో తను పట్టుబట్టి పెట్టించినది. రాసినవాళ్ళే తమ పేజీ తప్పని ఒప్పుకుంటే, ఎవరి సంతకమూ అక్కర్లేకుండా ఆ మాట అన్ని శాఖలకూ ఒకేసారి వెళ్తుంది. ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని నొక్కలేదు. ఎవరి పేజీ వాళ్ళకి ముద్దే మరి.

అతనికి ఫోను చేసింది. “ఏమండీ, నేను రేపు ఖాయం కాకపోవచ్చు.”

అటునుంచి ఎవరో అక్షరాలు చదువుతున్న గొంతు వినిపించింది. అతను ఆ మనిషిని ఆగమన్నాడు. “నా దగ్గర ఖాయమేగా?”

“అది ఖాయమే.”

“ఐతే కానివ్వు.”

ఆమె కళ్ళు తుడుచుకుని టైపు చేసింది. ఈసారి అందం కోసం వెతుక్కోలేదు. ‘ఈ పేజీ తప్పు. రాసింది నేను. అనుమతి తీసేసినా, అంతకుముందే లోపలికెళ్ళిన ఏజెంటు ఎనిమిది గంటలపాటు ఆ ఖాతాలోనే ఉండి పని చేస్తుంది. ఆ పనులన్నీ ఖాతా ఉన్న మనిషి పేరుతో నమోదవుతాయి. సాధనం ఈ సంగతి చెప్పదు. ఇంజనీరు నాకు చెప్పారు, నేను కొట్టేశాను. ఈ పేజీ చూసి ఎవరినీ తప్పుపట్టకండి.’ నొక్కింది.

పావుగంటకి ల్యాబు పెద్ద డాక్టరమ్మ తనే మెట్లు దిగి వచ్చింది. ఆవిడ కిందికి రావటం చాలామంది ఎన్నడూ చూడనే లేదు. కుర్చీలు వెనక్కి జరిగాయి. మేనేజరు గారు గదిలోంచి బయటికొచ్చి గోడ పక్కన నిలబడ్డారు.

“ఎవరమ్మా ఇది పంపింది?”

“నేనండీ.”

“మూడుసార్లు చదివాను. లేదంటూనే లోపల ఉంటుందేంటి? నాకు బుర్రకెక్కలేదు. ఇప్పుడు చూపించగలవా?”

చూపించగలదు. ఉత్తుత్తి ఖాతా ఇంకా తెరిచే ఉంది. చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది కూడా. పక్క కుర్చీ మీద స్వెట్టరు చెయ్యొకటి కిందికి వేలాడుతోంది. ఆమె దాన్ని పైకి తీసి వేసింది.

“రేపు చూపిస్తామండీ. పదింటికి. కానీ నేను కాదు. రికార్డులక్కని పిలిపించండి, ఆవిడ కుర్చీలో ఆవిడే కూర్చుంటుంది. నోటీసు చదివినవాళ్ళందరూ రావాలి. అక్క ఏజెంటుకి అనుమతిస్తుంది, అది లోపలికెళ్ళాక తీసేస్తుంది. తీసేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటుంది.” ఆమె అందరి వైపూ తిరిగింది. “అప్పుడు మీరెవరూ తెరకేసి చూడకండి. అక్క చేతులకేసి చూడండి.”